తొట్టికి పస్తు

మా ఇంటాయనకు ఎవరి మీదైనా ప్రేమ పుట్టిందంటే పెట్టి పెట్టి చంపుతాడు. బట్టల మిల్లు మెస్సులో వంట చేసి చేసి ఇంటికి చేరిన మనిషి. ఖాళీ పళ్లెం కంటబడితే ఆ చేతిలో గరిటె ఆగదు. వద్దన్నవాడికి ఇంకొంచెం, చాలన్నవాడికి దానికి రెట్టింపు. మధ్యాహ్నం పూట కార్మికులు మగ్గాల దగ్గర కునికిపాట్లు పడుతున్నారని ఒకసారి సూపర్‌వైజరు వచ్చి మొత్తుకున్నాడట. "కునుకుతున్నారంటే కడుపులు నిండాయనేగా బాబూ, నువ్వూ కూర్చో" అని ఆ సూపర్‌వైజరుకే వడ్డించేశాడు. ఆ పూట సూపర్‌వైజరు కూడా కుర్చీలోనే గురక పెట్టాడని మిల్లంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

అంతమందికి పెట్టిన మనిషికి చివరికి మిగిలింది పొగ. పెద్ద పెద్ద పొయ్యిల ముందు నిలబడి నిలబడి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మామూలు రోజుల్లో పర్వాలేదు. మెల్లగా తిరుగుతాడు, వీధిలో వచ్చేపోయే వాళ్లతో ఎకసెక్కాలాడతాడు. మొక్కజొన్న కోతలు దగ్గరపడ్డాయంటే మాత్రం నా గుండెల్లో రాయి పడేది.

ఎందుకంటే మా పెరటిగోడ అవతల చేను నా తమ్ముడిదే. కంకులు విరిచాక చేలో చొప్ప నిలబడి ఉంటుంది. దాన్ని తీసేస్తే తప్ప మళ్లీ దున్నడానికి లేదు. కోసి, కట్టి, మోసి ఎక్కడ పెట్టుకుంటాడు? అగ్గిపుల్ల గీస్తే ఒక్క పూటలో చేను నున్నగా అయిపోతుంది. ఆ పొగ గోడ దాటి తిన్నగా మా గదుల్లోకి వచ్చేది. కిటికీలకు తడి దుప్పట్లు కట్టేదాన్ని. ఈయన మంచం మీద దిళ్లకు ఆనుకుని కూర్చుని, పడుకోలేక, మాట్లాడలేక, గాలి కోసం నోరు తెరుచుకుని ఉండేవాడు. పొద్దున చేను తగలబెట్టిన నా తమ్ముడే సాయంత్రం బూడిద పడిన జుట్టుతో వచ్చి, బావ పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేవాడు. వాణ్ణి తిట్టాలో జాలిపడాలో నాకు తెలిసేది కాదు.

ఈ కథ జరిగిన ఏటికి ముందు ఏడాది ఈయన ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం పెట్టించుకుని బయటపడ్డాడు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "ఇంకొక్కసారి ఇలాంటి పొగ పీలిస్తే నా చేతుల్లో ఉండదమ్మా" అంది. ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు. కోడలికి చెప్పాను.

మా కోడలు పాలకేంద్రంలో పాలు పరీక్ష చేస్తుంది. మాట తక్కువ. విన్నది మరిచిపోయే రకం కాదు. మళ్లీ మొక్కజొన్న మోకాలెత్తు పెరిగే వేళకి ఒకరోజు అన్నాల దగ్గర మాట ఎత్తింది.

"అత్తయ్యా, ఈసారి బాబాయిగారి చొప్ప కాల్చకుండా తినిపించేద్దాం."

నా తమ్ముణ్ణి ఆమె బాబాయిగారంటుంది.

"ఎవరికి తల్లీ? మనకున్నది ఒక్క ఆవు. దానికీ పళ్లు పోయాయి."

"ఆవుకి కాదు. తొట్టికి."

మా అబ్బాయి ముద్ద ఆపాడు. వాడు వెల్డరు. ఇనుము తప్ప మరొకటి నమ్మడు. "గోబర్‌గ్యాసు సంగతా? దానికి పేడ కావాలి. చొప్పతో ఎవరైనా చేస్తారా?"

"చేస్తున్నారు. వెళ్లి చూసొచ్చాను. గాలి తగలకుండా మూసిపెడితే కంటికి కనపడని పురుగులు చొప్పని తింటాయి. ఆవు కడుపులో ఉండేవే అవి. తిని గ్యాసు వదులుతాయి. పేడ తోడు లాంటిదంతే. తోడు ఎంత వేస్తాం? ఇక్కడ పాలంటే చొప్పే."

తోడు అనగానే నాకు అర్థమైపోయింది. మిగతా వాళ్లకి ఇంకా వివరించాల్సి వచ్చింది.

"డ్రమ్ము నేను చేసిపెడతాను గానీ, లీకైతే మాత్రం నన్నేమీ అనకూడదు" అన్నాడు మావాడు.

"లీకైతే అనకుండా ఎలా ఉంటాను? పెళ్లాన్ని" అంది కోడలు. అంత పెద్ద మాట ఆమె ఆ నెలంతా మళ్లీ అనలేదు.

నా తమ్ముడు గోడ మీద మోచేతులు ఆనించి తొట్టి కోసం గొయ్యి తవ్వడం అంతా చూశాడు. "అమ్మాయ్, నీ మీద నమ్మకం లేక కాదు. కుప్పలేసి కూర్చుంటే ఎలుకలు తప్ప ఏమీ రాకపోతే నా గతేమిటి? మళ్లీ విత్తనం వేసే లోపల నాకు మంట చూపించు. చూపిస్తే చొప్పంతా నీదే, వామి వేసి మరీ ఇస్తాను. చూపించలేకపోతే నాకు వేరే దారి లేదు."

"సరే బాబాయ్" అంది కోడలు.

వాడు మంచం వైపు చూడకుండా వెళ్లిపోయాడు. బావ అంటే వాడికి ప్రాణం. చేను అన్నా అంతే. రెండింటి మధ్యా ఒక గోడ.

పెరట్లో గుండ్రంగా ఇటుకల తొట్టి లేచింది. దాని మీద బోర్లించిన డ్రమ్ము మా అబ్బాయి చేశాడు. గ్యాసు పుడితే అది పైకి తేలుతుంది, వాడుకుంటే కిందికి దిగుతుంది. అతుకు అతుకుకీ సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమోనని మొగుడూ పెళ్లాలు ఇద్దరూ బోర్లా పడుకుని చూశారు. ఆవు మేతకని అట్టేపెట్టిన పాత చొప్పని కణుపంత ముక్కలుగా కోసి, పేడనీళ్లు చిలకరించి, పట్టా కప్పి మగ్గబెట్టారు. ఎండు చొప్ప అలాగే వేస్తే నీటి మీద తేలి అట్టకడుతుందట. ముందే మెత్తబడాలి. పాలకేంద్రం నుంచి రాగానే కోడలు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని తొట్టి దగ్గరికి వెళ్లేది. పక్కింటి టీచరమ్మ కిటికీలో నుంచి చూసి, "ఉద్యోగం చేసే పిల్ల, మోచేతుల దాకా పేడేమిటండీ" అంది.

"మోచేతుల దాకానేగా టీచరమ్మా. భుజాల దాకా వస్తే అప్పుడు నేను కూడా దిగుతాను" అన్నాను.

మొదట వచ్చిన గ్యాసు అంటుకోలేదు. మావాడి ముఖం మాడిపోయింది. కోడలు మాత్రం, "మొదటిది ఒట్టి గాలి, పోనివ్వండి" అని డ్రమ్ము ఖాళీ చేసేసి మళ్లీ ఎదురుచూసింది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున, వీధిలో పాలబండి గంట వినిపిస్తుండగా, వంటింట్లో కొత్త పొయ్యి మీద నీలంగా మంట లేచింది. మా ఇంటాయన ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. బతుకంతా పొయ్యిల దగ్గర గడిపినవాడు.

"పొగేదీ?" అన్నాడు.

"ఉండదు మావయ్యా."

"అసలుండదా?"

"అసలుండదు."

ఆయన టీ పెట్టాడు. గోడ మీంచి తమ్ముణ్ణి పిలిచి గ్లాసు అందించాడు. వాడు మంట చూశాడు, టీ తాగాడు, మళ్లీ మంట చూశాడు. "సరే అమ్మాయ్, మాట మాటే" అన్నాడు. కంకులు విరవడం అయిపోవచ్చింది. వాడు ఆ వారమే చేను ఒక పక్క నుంచి చొప్ప కోయించడం మొదలుపెట్టాడు.

అక్కడితో అయిపోయుంటే నేను ఈ కథ చెప్పే పని ఉండేది కాదు.

కోడలు పగలంతా పాలకేంద్రంలో, అబ్బాయి షెడ్డులో. తొట్టికి పూటపూటా మేత వేసే పని మా ఇంటాయన పుచ్చుకున్నాడు. పొద్దున ఒక బకెట్టు మగ్గిన చొప్ప, నీళ్లు, కర్రతో ఒకసారి కలియబెట్టడం. అంతే అని కోడలు చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ తలూపడం నాకు తెలుసు. డాక్టరమ్మ ఉప్పు తగ్గించమన్నప్పుడు కూడా అలాగే ఊపాడు.

మరి మెస్సు నడిపిన మనిషికి ఒక బకెట్టు ఏ మూలకి? కుర్చీ తొట్టి పక్కన వేసుకుని కూర్చునేవాడు. "ఏరా, ఆకలేస్తోందా?" అనేవాడు డ్రమ్ము మీద చెయ్యి వేసి. పైగా చూడ్డానికి జనం. పసిబిడ్డని చూడ్డానికి ఒట్టి చేతులతో ఎలా వస్తామన్నట్టు ఎవరికి తోచింది వాళ్లు తెచ్చారు. పిండిమరాయన నేల ఊడ్చిన పిండి తెచ్చాడు. పళ్ల దుకాణం వాడు మాగి కుళ్లిన పళ్లు బుట్టెడు తెచ్చాడు. టీచరమ్మ కూడా మిగిలిన అన్నం గిన్నె పట్టుకొచ్చింది. ఈయన ఎవర్నీ కాదనలేదు. అన్నీ కలిపి, నలిపి, పలచన చేసి, ముద్దు చేసి పోశాడు.

డ్రమ్ము ఒకేసారి పైకి తేలింది. "చూశావా, పెడితే ఎలా పుంజుకుందో. నీ కోడలు పిసినారితనం చేసింది" అన్నాడు నాతో.

రెండు పూటలు గడిచాయో లేదో మంట పసుపుపచ్చగా తిరిగి రెపరెపలాడింది. ఆ తర్వాత అసలు అంటుకోవడం మానేసింది. డ్రమ్ము నిండుగానే ఉంది, పుల్ల గీస్తే ఆరిపోతోంది. పెరడంతా పులిసిన వాసన.

కోడలు పని నుంచి వచ్చి, గేటు దగ్గరే ముక్కు ఎగబీల్చింది. సంచి నేల మీద పెట్టి, పాల పులుపు చూసే రంగు కాగితం ఒకటి తీసి తొట్టిలో ముంచింది. కాగితం ఎర్రబడింది.

"ఏం పెట్టారు మావయ్యా?"

ఆయన పెళ్లి వంటల జాబితా చెప్పినట్టు ఒక్కొక్కటీ చెప్పాడు. పిండి దగ్గర మొదలుపెట్టి పళ్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది. కోడలి ముఖం చూసి ఆపేశాడు.

ఆమె తొట్టి గట్టు మీద కూర్చుంది. కోప్పడుతుందేమోనని నేను గడప దగ్గర నిలబడ్డాను. కోప్పడలేదు. "అజీర్తి చేసింది మావయ్యా. మెత్తటి తిండి మరీ ఎక్కువైంది. పులిసిపోయి, గ్యాసు చేసే పురుగులు నీరసించాయి."

"సోడా పట్టిద్దామా?"

కోడలికి నవ్వు వచ్చింది. "కొంచెం సున్నం కలుపుదాం. పాలకేంద్రం వాళ్ల తొట్టి నుంచి మంచి పేడనీళ్లు తెచ్చి పోద్దాం. అసలు మందు మాత్రం పస్తు. వాసన మారేదాకా దీనికి ఎవరూ ఏమీ పెట్టకూడదు."

"ఏమీనా?"

"ఏమీ."

ఆ రోజు ఆయన సరిగ్గా తినలేదు. తొట్టి పస్తుంటే తనకెలా సయిస్తుంది అనలేదు గానీ, నాకు తెలియదూ.

సంగతి గోడ దాటడానికి ఎంతసేపు? ఆకాశంలో మబ్బులు కట్టడం మొదలైంది. నా తమ్ముడి ఇంట్లో విత్తనం సంచులు సిద్ధంగా ఉన్నాయి. చేలో సగం చొప్ప ఇంకా నిలబడే ఉంది. కోత మనుషులు వేరే చేలకి వెళ్లిపోయారు. ఒకరోజు ఎండ వాలుతుండగా వాడు మా గుమ్మంలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, నువ్వూ అక్కా మా పెద్దమ్మాయి దగ్గరికి వెళ్లండి. కొన్నాళ్లుండి రండి. ఈ లోపల నేను కాల్చేసుకుంటాను. పొగ అంతా పోయాక కబురు చేస్తాను."

"నేను రాను."

"ఎందుకు రావు? బండి నేను తెస్తాను."

"నేను వెళ్తే దీనికి ఎవరూ ఏమీ పెట్టకుండా ఎవడు చూస్తాడు? పొద్దున్నే పళ్లవాడు మళ్లీ బుట్టతో వచ్చాడు. పసిగట్టి తోలేశాను."

"తొట్టి కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"ఒరేయ్, పాడు చేసింది నేను. బాగయ్యేదాకా దాని పక్కనుంచి లేవను. నీ చేను నీది. నువ్వు చేసేది నువ్వు చెయ్యి."

మా అబ్బాయి కూడా చెప్పి చూశాడు. "నాన్నా, మొండితనానికి ఇది సమయం కాదు." ఆయన కుర్చీని మేత వేసే రంధ్రం మీదికే జరిపి, దాని మూత మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

కోడలు పాలకేంద్రం నుంచి వచ్చి అంతా విన్నది. మా తమ్ముడి వైపు తిరిగి, "బాబాయ్, విత్తనం ఆపుకోకండి. కాల్చాల్సి వస్తే ఒకరోజు ముందు చెప్పండి చాలు. మావయ్యని కుర్చీతో సహా ఎత్తుకెళ్తాం" అంది. మామూలుగానే అంది. టీ కూడా తాగలేదు. వంటింట్లోకి వెళ్లి కొడవలి తీసుకుని, పక్క గేటు తెరుచుకుని చేలోకి నడిచింది. ఆఫీసు చీరలోనే.

నేను చూస్తూ నిలబడ్డాను. ఒక్క మనిషి ఆ చేనంతా ఎప్పటికి కోస్తుంది? ఆమెకీ తెలుసు, కోయలేదని. అయినా వంగి ఒక్కొక్క దంటే కోసి పక్కన పేరుస్తోంది. అది చూసి నాకు కళ్లలో నీళ్లేమీ రాలేదు. అలాంటి పిల్ల నా ఇంటికి వచ్చినందుకు మెడ కొంచెం నిటారుగా అయింది, అంతే. రెండో కొడవలి వెతుక్కుని నేనూ వెళ్లాను. "మీరెందుకు అత్తయ్యా" అంది. "నువ్వు కోసిన వరస వంకరగా ఉంది" అన్నాను.

పొద్దు దిగేదాకా కోశాం. నా తమ్ముడు వాడి గట్టు మీద నిలబడి చూశాడు. వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున లేస్తూనే నేను దుప్పట్లు తడిపి కిటికీలకు కట్టేశాను. వాడు ముందు చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లక నేరుగా గీసేస్తాడేమోనని నా భయం. వాసన కోసం చూస్తున్నాను. వాసన రాలేదు. చప్పుడు వచ్చింది. కొడవళ్ల చప్పుడు. గోడ దగ్గరికి వెళ్లి చూస్తే నా తమ్ముడు, మా మరదలు, వాళ్ల ఇద్దరు అల్లుళ్లు తలొక వరస పట్టుకుని కోస్తున్నారు. పెద్దల్లుడు పట్నంలో బట్టల దుకాణం వాడు, అరచేతికి గుడ్డ చుట్టుకుని మరీ కోస్తున్నాడు.

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"ఏం లేదక్కా. అగ్గిపెట్టె తడిసిపోయింది" అన్నాడు తలెత్తకుండా.

మా మరదలు నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది. "తెల్లారకముందే అల్లుళ్లకి ఫోన్లు చేసి లేపాడు వదినా. బావ పోతే నేను ఎవరితో దెబ్బలాడుకోవాలి అన్నాడు." వాడు ఆమె వైపు చొప్పకట్ట విసిరాడు.

అలా తొట్టి ఇంకా మూలుగుతుండగానే వాడు కోసేశాడు. మంట చూసి కాదు. ఆ సంగతి నేను ఎవరికి చెప్పినా ముందు ఇదే చెప్తాను.

వామి మా పెరటిగోడకి ఆనించే వేశారు. గోడ కంటే ఎత్తు లేచింది. మీద పట్టా కప్పారు. మేఘాలు పూర్తిగా కమ్ముకునేలోపు చేను దున్ని విత్తనం పడింది. తొట్టి పక్కన కుర్చీ మాత్రం కదలలేదు. ఎవరైనా గిన్నె పట్టుకుని గేటు దగ్గర కనిపిస్తే, "దానికి ఒంట్లో బాగాలేదు, తర్వాత రండి" అని పంపేసేవాడు. ఒకసారి తనే వంటింట్లో నుంచి గంజి గిన్నెతో బయల్దేరి, సగం దారిలో నన్ను చూసి, ఆ గంజి తను తాగేశాడు.

మెల్లగా పులుపు వాసన తగ్గింది. కోడలు రోజూ కాగితం ముంచి చూసేది. ఒక సాయంత్రం కాగితం చూసి, వంటింట్లోకి వెళ్లి పొయ్యి తిప్పి పుల్ల గీసింది. మంట అంటుకుంది. చిన్నగా, నీలంగా. ఆమె బయటికి వచ్చి, "మావయ్యా, రేపట్నుంచి అర బకెట్టు" అంది.

"అరా?"

"అర."

"సరే, అరే" అన్నాడు. ఈసారి తల ఊపలేదు. అందుకే నమ్మాను.

వామి వేసిన వాళ్లందరికీ ఆ మంట మీద తనే వండిపెడతానని పట్టుబట్టాడు మా ఇంటాయన. అంతకుముందు ఏడాది సరిగ్గా ఆ రోజుల్లోనే ముక్కుకు గొట్టంతో ఆస్పత్రిలో ఉన్నాడు. ఇప్పుడు పంచె ఎగ్గట్టి, పొయ్యి ముందు నిలబడి, గరిటె పట్టుకుని ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలుస్తున్నాడు. పెరట్లో వరసగా కూర్చున్నారు. అల్లుళ్లు, మరదలు, మా అబ్బాయి, టీచరమ్మ. పళ్లవాడు ఒట్టి చేతులతో వచ్చినందుకు సిగ్గుపడుతూ ఒక పక్కన కూర్చున్నాడు.

నా తమ్ముడు రెండు ముద్దలు తిని, అందరికీ వినబడేలా అన్నాడు. "బావా, ఉప్పు ఎక్కువైంది. చెయ్యి పోయినట్టుంది నీకు."

మా ఇంటాయన గరిటె ఎత్తి పట్టుకుని మొదలుపెట్టాడు. "ఒరేయ్, నీకు ఉప్పు రుచి ఎప్పుడు తెలిసిందిరా, మీ అక్కని చూడ్డానికి మీ ఇంటికి వచ్చిన రోజు నువ్వు టీలో చక్కెరకి బదులు ఉప్పేసి తెచ్చి, అది తాగి నేను నోరెత్తకుండా కూర్చుంటే పెళ్లికొడుకు మంచివాడు అని మీ నాన్న ఖాయం చేసేశాడు, ఆ ఉప్పు ఇవ్వాళ్టికీ నన్ను వదల్లేదు, ఇప్పుడొచ్చి నా వంటకి వంక పెడతావా, నీ మొహానికి ఇంకో గరిటె వడ్డిస్తాను తిని చావు" అంటూ వాడి పళ్లెంలో గుమ్మరించేశాడు.

మధ్యలో ఎక్కడా ఆగలేదు. దగ్గలేదు. అంతా ఒక్క ఊపిరిలో.

అందరూ పడీపడీ నవ్వుతున్నారు. నేను నవ్వడం మరిచిపోయాను. తల తిప్పి చూస్తే కోడలు కూడా నవ్వట్లేదు. చేతిలో నీళ్ల చెంబుతో నిలబడిపోయి ఆయన ఛాతీ వైపే చూస్తోంది. నన్ను చూసింది. చెంబు కింద పెట్టి చీర చెంగు అందుకుంది.

"ఏమిటి అత్తాకోడళ్లిద్దరూ అలా చూస్తున్నారు?" అన్నాడాయన.

"ఏం లేదు మావయ్యా" అంది కోడలు. "కానివ్వండి. ఇంకా తిట్టండి."